మైనస్ పదిలో ఐదు గంటలు కదలకుండా కూర్చోవాలంటే

ప్రశ్న: నమస్కారమండీ. మాది కోరాపుట్ జిల్లా సిమిలిగుడ. సునాబెడలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. వయసు 61. షుగరు ఉంది, మాత్రలు వాడుతున్నాను. మా అమ్మాయీ అల్లుడూ అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉంటారు. ఈ నవంబరులో నేనూ మా ఆవిడా వాళ్ల దగ్గరికి వెళ్తున్నాం. అల్లుడు ఏటా స్నేహితులతో కలిసి జింకల వేటకి వెళ్తాడు. అక్కడ దానికి లైసెన్సు ఇస్తారట. ఈసారి నన్నూ రమ్మంటున్నాడు. తెల్లారకముందే అడవిలోకి వెళ్లి ఐదారు గంటలు కదలకుండా కూర్చోవాలట. చలి మైనస్ పది దాకా ఉండొచ్చట. మా ఆవిడ వద్దంటోంది, నాకేమో వెళ్లాలని ఉంది. సిమిలిగుడ చలిలో ఉన్నవాణ్ణే కదా, రెండు స్వెటర్లు, మంకీ క్యాపు, శాలువా సరిపోవా? కాస్త బ్రాందీ వేసుకుంటే ఒళ్లు వేడెక్కుతుందంటారు, నిజమేనా? అల్లుడి ముందు గజగజ వణుకుతూ కూర్చుంటే నామోషీ కదా, అందుకే ముందుగా అడుగుతున్నాను. ఇంకో మాట. అక్కడ నాలుగు మెళకువలు నేర్చుకుని వస్తే మన కొండల్లోనూ పనికొస్తాయని ఇక్కడి స్నేహితులు సరదా పడుతున్నారు. మీరేమంటారు?
ఒక పాఠకుడు, సిమిలిగుడ

సమాధానం: వెళ్లి రండి. కానీ రెండు స్వెటర్లూ శాలువాతో అయితే మాత్రం మీ ఆవిడ మాటే నా మాట.

వేట నాకు నచ్చే సరదా కాదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. అయితే మీరు వెళ్తున్నది అక్కడి చట్టం ఒప్పుకున్న పనికి, అదీ పక్కన కూర్చుని చూడ్డానికి. కాబట్టి చలి సంగతే మాట్లాడుకుందాం. మన కొండల సంగతి చివర్లో.

సిమిలిగుడ చలి తక్కువదేమీ కాదు. జనవరిలో కొన్ని రాత్రులు 5, 6 డిగ్రీలకి పడిపోతుంది. అలాంటి పొద్దున మనం ఏం చేస్తాం? లేవగానే నాలుగు పుల్లలేసి మంట పెట్టుకుంటాం. చేతులు రుద్దుకుంటాం. టీ కొట్టు దాకా నడుస్తాం. తొమ్మిదయ్యేసరికి ఎండ వస్తుంది, మఫ్లర్ తీసి భుజాన వేసుకుంటాం. మనకున్న అలవాటు ఈ చలికి. అక్కడ మంట పెట్టకూడదు, పొగా మనిషి వాసనా తగిలితే జింక ఆ దరిదాపులకి రాదు. చేతులు రుద్దుకోకూడదు, ఆ కదలిక కనిపెట్టేస్తుంది. నడవకూడదు. ఎండ వచ్చినా నవంబరు చివర్లో అది వెలుగిస్తుంది గానీ వెచ్చదనం ఇవ్వదు.

ముందుగా ఒక చిన్న తిరకాసు. మీ అల్లుడు పొద్దున్నే ఫోన్ చూసి "ఇరవై ఉంది మామయ్యా" అంటే పొంగిపోకండి. అక్కడ లెక్క ఫారన్‌హీట్‌లో. వాళ్ల 32 మన సున్నా. వాళ్ల ఇరవై అంటే మన మైనస్ ఏడు. వాళ్ల సున్నా అంటే మన మైనస్ 18. దాని పక్కనే గాలి ఎంత ఉందో కూడా అడగండి. మైనస్ పది ఉన్నప్పుడు గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే, బయట ఉన్న చర్మానికి అది మైనస్ ఇరవైలా తగులుతుంది. చలి ఎంత అన్నదానికన్నా గాలి ఎటు నుంచి వస్తోంది, వీపుకి అడ్డం ఏముంది అన్నదే ఆ రోజు మీ సుఖాన్ని తేలుస్తుంది.

ఇక అసలు విషయం. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో పుట్టే వేడి సుమారు 100 వాట్లు, అంటే పాతకాలపు గుండు బల్బు ఒకటి వెలిగినంత. అదే మనిషి బరువు మోసుకుంటూ ఎత్తు ఎక్కుతుంటే దానికి నాలుగైదు రెట్లు పుడుతుంది. వేటకి వెళ్లేవాళ్ల చలి కష్టమంతా ఈ తేడాలోంచే వస్తుంది. బండి దిగి చీకట్లో అరగంట మంచులో నడుస్తారు. చలి కదా అని ఉన్నవన్నీ తొడుక్కునే నడుస్తారు. కాళ్లు మంచులో కూరుకుపోతుంటే వీపు మీద చెమట పడుతుంది. అప్పుడు బాగానే ఉంటుంది, "ఇంతేనా, దీనికా ఇంత హడావుడి" అనిపిస్తుంది కూడా. మాటు దగ్గరికి చేరి కూర్చున్న ఇరవై నిమిషాలకి ఒంట్లో వేడి పుట్టడం తగ్గిపోతుంది, బనీను మాత్రం తడిగానే ఉంటుంది. గాలి కన్నా నీళ్లు సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. ఇక ఆ తడి ఆరదు. పైన ఎంత ఖరీదైన జాకెట్ ఉన్నా లోపల తడిగుడ్డ కట్టుకుని కూర్చున్నట్టే.

అందుకని నడిచేటప్పుడు కొంచెం చలేసేలాగే నడవండి. పెద్ద జాకెట్టూ మందపాటి పై ప్యాంటూ వీపున సంచికి కట్టుకోండి. ఒంటి మీద పల్చటి లోపలి చొక్కా, దాని మీద ఒక ఉన్ని పొర, అంతే. టోపీ కూడా తీసి జేబులో పెట్టుకోండి. అల్లుడు కుర్రాడు, గబగబా నడుస్తాడు. "మెల్లిగా పద బాబూ" అనండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. మాటు దగ్గరికి చేరగానే జాకెట్ తొడిగేయకండి. ఐదు నిమిషాలు నిలబడండి. తలలైటు వెలుగులో మీ మెడ దగ్గర్నుంచి ఆవిరి లేవడం కనిపిస్తుంది. ఆ ఆవిరి తగ్గాక లోపలి చొక్కా మార్చండి. పొడి చొక్కా ఒకటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి తీసుకెళ్లాలి. మైనస్ పదిలో చొక్కా విప్పడమా అని మీరు నవ్వుకుంటారు. అరనిమిషం ఒళ్లు జిల్లుమంటుంది, నిజమే. ఆ అరనిమిషం మీకు తర్వాత మూడు గంటలు కొనిపెడుతుంది. ఆ తర్వాతే పెద్ద జాకెట్, దాని మీద టోపీ, అన్నీ. చలేశాక వేసుకుందాంలే అని ఆగకూడదు. ఒంట్లో ఉన్న వేడిని జాకెట్ పట్టి ఉంచుతుందే గానీ, కొత్తగా పుట్టించదు.

ఆ లోపలి చొక్కా నూలుది కాకూడదు. మనకి బనీను లేనిదే ఇల్లు కదిలే అలవాటు లేదు. ఆ రోజుకి మాత్రం దాన్ని మానేయండి. నూలు చెమటని పీల్చుకుని తనలోనే ఉంచుకుంటుంది. మెరినో గొర్రెల ఉన్ని అయితే తడిసినా కొంత వెచ్చదనం ఉంచుతుంది. పాలిస్టర్ థర్మల్స్ తొందరగా ఆరిపోతాయి. రెండింట్లో ఏదైనా ఫరవాలేదు, కిందా పైనా రెండూ కావాలి. జీన్స్ ప్యాంటు అసలొద్దు. మధ్య పొరకి మీ స్వెటర్లు పనికొస్తాయి, నిజమైన ఉన్నివైతే. పై పొర గాలిని ఆపాలి, లోపల దూదిలాంటి మందం ఉండాలి. కూర్చుంటే నడుము వెనక బయటపడనంత పొడుగుండాలి. మీ శాలువా మంచిదే, కానీ చెట్టు మీదకీ తుపాకీ పక్కకీ అది తగదు, ఎక్కడో తట్టుకుంటుంది. ఇంట్లో సోఫాలో కప్పుకోండి.

పాదాల దగ్గర ఆగి కాస్త ఎక్కువ చెప్పాలి, మీకు షుగరుంది కాబట్టి.

అక్కడ చలికి ఎక్కువమంది లేచి వెళ్లిపోయేది కాళ్ల వల్లే. మన సహజ బుద్ధి ఏమిటంటే మూడు జతల సాక్సులు వేసి బూట్లో కాలు కుక్కడం. అలా చేస్తే వేళ్లు ఆడవు, రక్తం సరిగ్గా రాదు, ఒక్క జతతో ఉన్నవాడికన్నా ముందే మీ వేళ్లు మొద్దుబారతాయి. బూటు ఒక సైజు పెద్దది తీసుకుని, లోపల పల్చటి సాక్సు ఒకటి, దాని మీద మందపాటి ఉన్ని సాక్సు ఒకటి వేసుకోవాలి. వేళ్లు లోపల హాయిగా ఆడాలి. బూట్ల పెట్టె మీద 400, 800, 1000 గ్రాములని రాసి ఉంటుంది. అది బూటు బరువు కాదు, లోపలి వెచ్చటి పొర చదరపు మీటరుకి ఎంత బరువుందో, అంటే ఎంత దట్టమో చెప్పే లెక్క. నడిచేవాళ్లకి 400 చాలు. కూర్చునేవాళ్లకి 1000 ఉన్నా ఎక్కువనిపించదు. లోపలి ఉన్ని తొడుగు బయటికి తీయగలిగే బూట్లు దొరికితే ఇంకా మంచిది, రాత్రికి ఆరబెట్టుకోవచ్చు. నడిచి వచ్చిన సాక్సులు కూడా మాటు దగ్గరే మార్చేయండి.

చలి బూటు పైనుంచి కన్నా కింద నుంచి ఎక్కువ వస్తుంది. చెట్టుకి కట్టిన మంచె చాలాసార్లు ఇనుప చట్రం. దాని మీద అరికాలు ఆనించి గంట కూర్చుంటే బూటు అడుగులోంచి వేడి దిగిపోతుంది. యోగా చాప ముక్క రెండు మడతలేసి కాళ్ల కింద ఒకటి, కూర్చునే చోట ఒకటి వేసుకోండి. ఈ చాప ముక్కకి పెద్ద ఖర్చేమీ ఉండదు గానీ, ఖరీదైన బూట్లు చేసే పనిలో సగం ఇదే చేస్తుంది. చెక్కలు పరిచిన నేలయినా సరే, చాప మాత్రం మానొద్దు.

ఇప్పుడు మీ షుగరు మాట. ఏళ్ల తరబడి షుగరున్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు. మామూలు మనిషికి వేళ్లు సూదులతో పొడిచినట్టు నొప్పెట్టి "ఇక చాలు" అని చెప్తాయి. మీకు ఆ కబురు రాకపోవచ్చు. కాబట్టి బయల్దేరే ముందు సునాబెడలోనో జయపురంలోనో మీరు చూపించుకునే డాక్టరు దగ్గర పాదాల పరీక్ష చేయించుకోండి. స్పర్శ తగ్గిందని డాక్టరు అంటే ఈ ఐదు గంటల ప్రోగ్రాం మానేసి, అల్లుడితో ఒక గంట అడవి చూసి వచ్చేయండి. స్పర్శ బాగానే ఉన్నా గంటకోసారి వేళ్లు ఆడించి చూసుకోండి. అక్కడ వేడి పుట్టించే చిన్న పొట్లాలు అమ్ముతారు. వాటిలో ఇనుప పొడి, ఉప్పు, బొగ్గు పొడి ఉంటాయి. కవర్ చింపగానే గాలి తగిలి ఇనుము తుప్పు పట్టడం మొదలై గంటల తరబడి వేడి వస్తుంది. చేతులకి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. చేతివి తీసి బూట్లో పెడితే గాలి చాలక చల్లారిపోతాయి, కాళ్లకి వేరే రకం ఉంటాయి. కానీ స్పర్శ తగ్గిన కాలికి అవి కాల్చినా తెలియదు. మీరు మాత్రం వాటిని చేతులకే ఉంచుకోండి, అదీ చర్మానికి నేరుగా తగలకుండా.

చేతులకి వేళ్ల గ్లౌజుల కన్నా నాలుగు వేళ్లూ ఒకే గదిలో ఉండే మిటెన్లు నయం, వేళ్లు ఒకదాన్నొకటి వెచ్చబెట్టుకుంటాయి. మీరు తుపాకీ పట్టరు కాబట్టి మీకు గ్లౌజులతో పనే లేదు. నడుముకి కట్టుకునే గొట్టంలాంటి ఉన్ని సంచి దొరుకుతుంది, రెండు చేతులూ అందులో దోపి, లోపల ఒక వేడి పొట్లం వేసుకుని కూర్చోవచ్చు.

మంకీ క్యాపు తీసుకెళ్లండి! మన చలికాలపు సొత్తు అది. చెవులు, మెడ, చెంపలు కప్పడానికి అంతకన్నా మంచిది అక్కడా లేదు, వాళ్లు వేరే పేరుతో అమ్మేదీ అదే. ఒంటి వేడి సగం తలలోంచే పోతుందని చెప్తుంటారు, అది నిజం కాదు. తల పోగొట్టే వేడి దాని వైశాల్యానికి తగ్గట్టే ఉంటుంది, పదోవంతుకి అటూ ఇటూగా. అయినా ఒళ్లంతా కప్పుకుని మెడా మొహమూ వదిలేస్తే పోయేదంతా అక్కడినుంచే పోతుంది. అయితే గోధుమరంగు మంకీ క్యాపు మాత్రం బయటికి కనిపించకూడదు. విస్కాన్సిన్‌లో తుపాకీ వేట రోజుల్లో నడుము పైన వేసుకునే పై బట్టలో కనీసం సగం కళ్లు చెదిరే నారింజ రంగో ఫ్లోరసెంట్ గులాబీ రంగో ఉండాలి, టోపీకీ ఇదే లెక్క. జింకలకి ఆ నారింజ రంగు మనకి కనిపించినట్టు కనిపించదు, తోటి వేటగాడికి మాత్రం దూరం నుంచే తెలుస్తుంది. మీరు వేటాడకపోయినా అదే వేసుకోండి. మెడలో తెల్ల తువ్వాలు, జేబులో తెల్ల రుమాలు అసలొద్దు. అక్కడి జింక బెదిరితే తోక పైకెత్తుతుంది, దాని అడుగంతా తెలుపు. చీకటీ వెలుగూ కలిసిన వేళ పొదల్లో తెల్లగా ఏదైనా ఆడితే అవతలివాడు ఏమనుకుంటాడో ఆలోచించండి. ముక్కు తుడుచుకోవడానికి రంగు రుమాలు పెట్టుకోండి. ముక్కు కారుతూనే ఉంటుంది మరి.

ఇక బ్రాందీ. చలికి రెండు చుక్కలు అనే మాట మన దగ్గర జీలుగు కల్లు దగ్గర్నుంచి ఇప్పసారా దాకా అన్నిటికీ వాడేస్తాం. తాగితే వేడిగా అనిపించడం నిజమే. చర్మం దగ్గరి రక్తనాళాలు వెడల్పయి, లోపలి వెచ్చటి రక్తం పైకి వస్తుంది. మొహం ఎర్రబడుతుంది, ఒళ్లు వెచ్చగా అనిపిస్తుంది. కానీ ఆ వేడి గుండె దగ్గరా పొట్ట దగ్గరా ఉండాల్సింది. పైకి వచ్చి గాలికి పోతుంది. పైగా మద్యం వణుకుని తగ్గిస్తుంది, వణుకేమో ఒళ్లు వేడి పుట్టించుకునే ఉపాయం. మీకు ఇంకో చిక్కు కూడా ఉంది. మీరు వాడే మాత్రల్లో గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి ఉంటే, ఖాళీ కడుపున మద్యం పడితే షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు. గుండెకీ బీపీకీ వాడే మాత్రల్లో కొన్ని చేతులూ కాళ్లూ ఇంకా చల్లబడేలా చేస్తాయి, మీ చీటీ మొత్తం డాక్టరుకి చూపించండి. బ్రాందీ సాయంత్రం ఇంటికొచ్చాక, మీ ఆవిడ ఒప్పుకుంటే.

తాగాల్సింది నీళ్లు. చలిలో దాహం తెలియదు, మాటిమాటికీ లేవాల్సి వస్తుందని నీళ్లు మానేస్తారు కూడా. ఫ్లాస్కులో వేడినీళ్లో చక్కెర లేని టీయో పెట్టుకుని గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఉండండి. బయల్దేరే ముందు గట్టిగా తినండి. మన చోడి అంబలి అలవాటైతే అమ్మాయికి ఒక పొట్లం పిండి పట్టుకెళ్లి, పొద్దున అదే పెట్టమనండి, గుడ్డూ వేరుశనగా తోడుగా. కూర్చున్నప్పుడు నమలడానికి జీడిపప్పు, బాదం, నువ్వుల ఉండలు. అన్నీ కవర్లలోంచి తీసి గుడ్డ సంచిలో పోసుకోండి. చిప్స్ కవర్ చప్పుడుకి అల్లుడి ఏడాది ఆశ ఒక్క నిమిషంలో చెట్లెక్కేస్తుంది.

వణుకు కూడా షుగరుని ఖర్చు చేస్తుంది. మీ మాత్రలకి వణుకు తోడైతే షుగరు పడిపోవచ్చు. షుగరు పడినప్పుడు వచ్చే లక్షణాలూ ఒళ్లు చల్లబడినప్పుడు వచ్చే లక్షణాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చేతులు వణకడం, మాట తడబడటం, అయోమయం. అందుకని లోపలి జేబులో గ్లూకోజ్ బిళ్లలో నాలుగు చాక్లెట్లో ఉండాలి. షుగరు చూసే మిషన్ కూడా బయటి సంచిలో కాదు, ఒంటికి ఆనుకుని ఉన్న జేబులో. మరీ చలిలో అది ఎర్రర్ చూపించి ఊరుకుంటుంది. ఇన్సులిన్ వాడేవాళ్లయితే పెన్ను గడ్డకట్టకుండా అలాగే దాచుకోవాలి.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను నిజంగా కంగారు పెట్టిన మాటకి వస్తాను. మైనస్ పది కాదు, "నామోషీ". అల్లుడి ముందు మామగారు "చలేస్తోంది బాబూ, పోదాం" అనడానికి మన ఇళ్లలో ఎంత కష్టమో నాకు తెలుసు. మీరు అనరు. ఆయనా అడగడు, అడిగితే మీరు నొచ్చుకుంటారని. ఇద్దరూ మర్యాదగా కూర్చుంటారు, మీ ఒంట్లో వేడి మాత్రం తగ్గుతూ పోతుంది. లోపలి వేడి 35 డిగ్రీల కిందికి దిగితే ముందు గట్టిగా వణుకు వస్తుంది. తర్వాత జిప్ పెట్టుకోవడం చేతకాదు, మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది. ఇంకా దిగితే వణుకు ఆగిపోతుంది. అది తగ్గడం కాదు, ముదరడం. ఆ స్థితిలో మనిషికి తనకి బాగాలేదన్న తెలివి కూడా ఉండదు. వణుకు మొదలైనప్పుడు నోరు విప్పకపోతే తర్వాత విప్పే పరిస్థితి ఉండదు.

కాబట్టి బయల్దేరే ముందు రోజే, భోజనాల దగ్గర, అమ్మాయి ఎదురుగా ఒప్పందం చేసుకోండి. గంటకోసారి ఆయన మిమ్మల్ని అడగాలి, మీరు చేతి వేళ్లు ఒక్కొక్కటిగా బొటనవేలికి తాకించి చూపించాలి. చిటికెన వేలు అందకపోతే లేచి బండి దగ్గరికి వెళ్లిపోవడమే, జింక ఎదురుగా ఉన్నా సరే. నోటితో చెప్పాల్సిన పని లేకుండా వేళ్లే చెప్తాయి కాబట్టి మీ పరువూ నిలబడుతుంది. మధ్యలో కూర్చున్నచోటే తొడలు బిగించి వదలడం, బూట్లో వేళ్లు ముడిచి విప్పడం చేస్తూ ఉండండి, పైకి కదలిక కనిపించదు. వేలో చెవి తమ్మో తెల్లగా మైనంలా అయిపోతే రుద్దకండి, మంట దగ్గర పెట్టకండి, ఇంటికి చేరాక గోరువెచ్చటి నీళ్లలో పెట్టి డాక్టరుకి చూపించాలి. జింక పడితే దాన్ని మంచులో లాగే పని కుర్రాళ్లదే. చలికి రక్తనాళాలు ముడుచుకుని ఉన్నప్పుడు, గంటల తరబడి కూర్చుని ఒక్కసారిగా అంత బరువు లాగితే గుండె మీద పడుతుంది. ఇందులో ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు.

చెట్టు మీది మంచెకి కూడా ఒప్పుకోకండి. మొద్దుబారిన చేతులతో నిచ్చెన దిగడం మీ వయసుకి తగదు. నేల మీద గుడారంలాంటి మాటు వేస్తారు, గాలి తగలదు, అదే అడగండి. అందులో చిన్న గ్యాస్ హీటర్ పెట్టుకునేవాళ్లుంటారు. పెడితే కిటికీ తెరిచే ఉంచాలి, దాని ముందు కునుకు తీయకూడదు. ఇది మీకే కాదు, ఇక్కడ చదువుతున్న అందరికీ చెప్తున్నాను. జనవరిలో మన ఇళ్లలో బొగ్గుల కుంపటి గదిలోకి తెచ్చి, చలిగాలి రాకుండా తలుపులూ కిటికీలూ బిగించి పడుకునేవాళ్లు ఎంతమందో. బొగ్గులు ఎర్రగా ఉన్నాయి, పొగ లేదు కదా అనుకుంటారు. పొగ లేని బొగ్గుల్లోంచే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కాస్త తలనొప్పి, మత్తు, నిద్ర. ఆ నిద్రలోంచి లేవరు. కుంపటి వాకిట్లో వెచ్చబెట్టుకోండి, పడుకునే ముందు అది గది బయటే ఉండాలి.

తుపాకీ సంగతి ఒక్క ముక్క. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు తుపాకీ పట్టుకోవడానికి అక్కడి ఫెడరల్ చట్టంలో ఆంక్షలున్నాయి. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, లేకుండా "ఒక్కసారి పట్టుకోండి మామయ్యా, ఫొటో తీస్తా" అన్నా వద్దనండి. మాంసం ఇంటికి తెస్తే తినే ముందు పరీక్ష చేయించారా అని అడగండి. 2002 నుంచి విస్కాన్సిన్ జింకల్లో మెదడుని తినేసే ఒక జబ్బు కనిపిస్తోంది, అక్కడ పరీక్ష చేసే ఏర్పాటుంది. కొమ్ము ముక్క గుర్తుగా తెచ్చుకుందామని సూట్‌కేసులో పెట్టకండి, కస్టమ్స్ దగ్గర టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఇక మీ స్నేహితుల సరదా. వద్దు. అక్కడ ఏటా ఎన్ని, ఎప్పుడు, ఎక్కడ అని ప్రభుత్వం లెక్కగట్టి లైసెన్సు ఇస్తుంది. ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కణితినైనా, చుక్కల దుప్పినైనా, కొండగొర్రెనైనా వేటాడటం నేరం, జైలు పడుతుంది. సరదాకి ఇచ్చే లైసెన్సంటూ ఏదీ లేదు. లైట్లు వేసుకుని రాత్రిపూట కొండెక్కడం, కరెంటు తీగలు పరవడం ఇంకా ఘోరం, ఆ తీగలకి మనుషులూ పశువులూ కూడా పోతున్నారు. చైత్రంలో వేటకి వెళ్లడం కొండవాళ్ల ఆనవాయితీ కదా అని మీవాళ్లు అనొచ్చు. వాళ్ల పండగని అడ్డం పెట్టుకుని రిటైరైన మనం జీపులో వెళ్తే అది ఆనవాయితీ అవదు. గంజాం జిల్లాలో ఆస్కా దగ్గర భేట్నోయి, బలిపదర్ వైపు కృష్ణజింకలు పొలాల్లోనే తిరుగుతాయి. అవి వస్తే పంట బాగుంటుందని అక్కడి రైతులు వాటిని ఏమీ అననివ్వరు. బరంపురంలో మనవాళ్లు బోలెడంతమంది ఉన్నారు, ఎవరింట్లోనో దిగి వెళ్లి చూసి రండి. మీరు నేర్చుకొచ్చే మెళకువలన్నీ ఇక్కడా పనికొస్తాయి. జనవరి తెల్లవారుజామున దేవమాలి మీద, అంటే 1,672 మీటర్ల ఎత్తున, సూర్యోదయం కోసం కూర్చోవాలన్నా, చోడి చేలో మంచె మీద పందుల కాపలా కాయాలన్నా ఇవే బట్టలు, ఇదే చాప ముక్క.

వీటిలో చాలావరకు అమెరికాలోనే కొనండి. ఇక్కడ వెతికితే ఆ మందం బూట్లు దొరకవు, దొరికినా ఖరీదెక్కువ. తుపాకీ వేట అక్కడ థాంక్స్‌గివింగ్ పండగకి (నవంబరు నాలుగో గురువారం) ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులుంటుంది, దానికి కనీసం రెండు వారాల ముందు చేరేలా టిక్కెట్లు చూసుకోండి. కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి తొడిగితే షుగరున్న కాలికి పుండు పడుతుంది. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, రెండు సాక్సులూ వేసుకుని కొట్లో నడిచి చూసి కొనండి. తర్వాత రోజూ అరగంట ఇంట్లోనే వేసుకుని తిరగండి, విప్పాక పాదం అడుగున ఎర్రబడిందేమో మీ ఆవిడని చూడమనండి.